‘ఆరు నెలలు చూద్దాం’ అన్నారు సరే, ఏం చూడాలి?

ప్రశ్న: మావారికి 57 ఏళ్ళు. రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాస్తారు. ఏడాదిన్నర కిందట కుడి భుజం పట్టేసింది. ఎముకల డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అని ఫిజియోథెరపీ చేయించారు. తర్వాత ఆ చెయ్యే నెమ్మదించింది. ఊరికే కూర్చున్నప్పుడు బొటనవేలు వణుకుతోంది. రాత చీమల బారులా అయిపోయింది. మెదడు ఎంఆర్ఐ తీస్తే నార్మల్ అన్నారు. ఒక న్యూరాలజిస్టు పార్కిన్సన్స్ అన్నారు. ఇంకొకరు ‘పార్కిన్సనిజంలా ఉంది, ఇప్పుడే పేరు పెట్టలేం, ఆరు నెలలు చూద్దాం’ అన్నారు. ఇచ్చిన మాత్రలు వేసుకుంటే వాంతులు. షాపులో 125 లేదని 110 ఇచ్చారు. గ్యాస్‌కి పరగడుపున వేసుకునే క్యాప్సూల్ చాలాకాలంగా వాడుతున్నారు. ట్రోడాట్ స్కాన్ చేయించమని ఒకరు, హైదరాబాద్ తీసుకెళ్ళమని ఒకరు. డాక్టరు ముందు నేను నోరు తెరిస్తే ఆయనకు కోపం. ఇంట్లో ఎప్పుడూ మొహం ముడుచుకునే ఉంటారు. పెళ్ళీడుకొచ్చిన అమ్మాయి ఉంది. నేనేం చెయ్యాలి?
— ఒక ఇల్లాలు, బాపట్ల జిల్లా

సమాధానం: అమ్మా, స్కాన్ సంగతి, హైదరాబాద్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గ్యాస్ క్యాప్సూల్ పట్టీ తెచ్చి వెనక్కి తిప్పండి. పెద్దక్షరాల్లో ఉండే పేరు వదిలేసి కింద సన్నగా ఉన్నది చదవండి. పాంటోప్రజోల్ అనో, రాబెప్రజోల్ అనో ఉంటుంది. దాని పక్కన ‘లెవోసల్పిరైడ్ 75 ఎంజీ’ అని ఉంటే, ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడానికి సగం కారణం ఆ పట్టీలోనే ఉండొచ్చు.

మెదడులో కదలికలను నడిపించే రసాయనం డోపమైన్. పార్కిన్సన్స్‌లో దాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. లెవోసల్పిరైడ్ ఆ కణాల జోలికి వెళ్ళదు, డోపమైన్ వెళ్ళి తగిలే చోటికి అడ్డం కూర్చుంటుంది. పైకి కనిపించేది మాత్రం రెండింట్లోనూ ఒకటే: నెమ్మది, బిగుసు, వణుకు. మన దగ్గర ఈ మందును గ్యాస్ క్యాప్సూల్లో కలిపి ఇవ్వడం మామూలైపోయింది. పది రోజులకని రాసిచ్చిన చీటీ మీద ఏళ్ళ తరబడి కొనుక్కునేవాళ్ళు కోకొల్లలు. గ్యాస్ మాత్రను మందుల లెక్కలో వేసుకోరు కాబట్టి, ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా’ అని న్యూరాలజిస్టు అడిగితే ‘బీపీకి ఒక్కటేనండీ’ అని వచ్చేస్తారు.

ఇలాంటి లక్షణాలు తెచ్చే మందులు ఇంకా ఉన్నాయి. కళ్ళు తిరిగితే ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు, ఫిట్స్‌కిచ్చే వాల్‌ప్రోయేట్. చివరి రెండు రకాలూ డాక్టరు చెప్పకుండా ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు. గ్యాస్ క్యాప్సూల్ విషయంలో కూడా న్యూరాలజిస్టుకు ఫోటో పంపి, ‘దీని బదులు ఏది వాడమంటారు’ అని అడిగే మార్చండి. దాంట్లో లెవోసల్పిరైడ్ కాకుండా డొంపెరిడోన్ ఉంటే కంగారుపడక్కర్లేదు. అది మెదడులోకి పెద్దగా వెళ్ళదు.

ఇప్పుడు ఆ ‘ఆరు నెలల’ మాట తీసుకుందాం. అది తప్పించుకోవడానికి చెప్పిన మాట కాదు. ఇలాంటి మందు వల్ల వచ్చిన పార్కిన్సనిజం, మందు ఆపిన వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. ఆరు నెలలు దాటినా తగ్గలేదంటే, లోపల అప్పటికే మొదలైన పార్కిన్సన్స్‌ను ఆ మందు బయటపెట్టిందని అనుకోవాల్సి వస్తుంది. మీవారికి వణుకు ఒక పక్కనే ఉండటం, భుజం పట్టేయడంతో మొదలవడం పార్కిన్సన్స్ వైపు చూపే సంగతులే. ఈ జబ్బులో మొదట భుజం పట్టేసి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళడం చాలామందికి జరిగేదే. అయినా మందు లెక్క తేలకుండా పేరు పెట్టనన్న డాక్టరు సరిగానే ఆలోచించారు. నిజానికి ఇద్దరి మాటలూ కొట్టుకోవు కూడా. పార్కిన్సనిజం అన్నది లక్షణాల మూట. ఆ మూట తెచ్చేవాటిలో ఎక్కువగా కనిపించేది పార్కిన్సన్స్ జబ్బు. మందులూ తెస్తాయి, చిన్న చిన్న రక్తనాళాలు మూసుకుపోయినా వస్తుంది, అరుదైన జబ్బులు ఇంకొన్ని ఉన్నాయి. మామూలు ఎంఆర్ఐలో పార్కిన్సన్స్ కనిపించదు. పాత స్ట్రోకులు, మెదడులో నీరు చేరడం, గడ్డలు లేవని తేల్చుకోవడానికే అది తీస్తారు. కాబట్టి ‘నార్మల్’ అంటే ఏమీ లేదని అర్థం కాదు. ఏమేం లేవో తెలిసిందన్నమాట.

ఈ లెక్క తేల్చడానికి కావలసిన సాక్ష్యం ఏ ఆసుపత్రిలోనూ దొరకదు, మీ ఇంట్లోనే ఉంది. మీవారు రాసిన పాత చిత్తుప్రతులు దించండి. ప్రతి దస్తావేజులోనూ చెక్కుబందీ, అంటే ఆస్తి హద్దులు, ఉంటుంది: తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. ఏళ్ళు మారినా ఆ నాలుగు మాటలు మారవు. మూడేళ్ళ కిందటి చిత్తుల నుంచి మూడు నెలలకొకటి చొప్పున తీసి వరసగా పరచండి. కక్షిదారుల పేర్లు కాగితంతో కప్పి ఫోటోలు తీయండి. ‘దక్షిణం’లో క్షకారం ఎప్పుడు నలిగిపోయిందో, వరస చివరికొచ్చేసరికి గుడులూ తలకట్లూ ఒకదాన్నొకటి ఎప్పటి నుంచి తగులుకుంటున్నాయో మీకే కనిపిస్తుంది. ఆ తేదీ ఒక కాగితం మీద వేయండి. మందుల షాపు బిల్లులు వెతికి, క్యాప్సూల్ మొదలైన తేదీ దాని పక్కన వేయండి. రాత ముందు చిక్కి క్యాప్సూల్ తర్వాత వచ్చిందా, క్యాప్సూల్ వచ్చాక రాత చిక్కిందా? న్యూరాలజిస్టుకు ఈ రెండు తేదీలూ ఇంకో ఎంఆర్ఐ కన్నా ఎక్కువ పనికొస్తాయి.

మీకు తప్ప ఇంకెవరికీ తెలియనివి మరో మూడున్నాయి. నిద్రలో ఆయన అరుస్తారా, కాళ్ళు చేతులు విసురుతారా? కలలో ఎవరితోనో పోట్లాడుతున్నట్టు పక్కనున్నవాళ్ళను కొట్టడం పార్కిన్సన్స్‌కు ఏళ్ళ ముందే మొదలుకావచ్చు. పొద్దున్నే ఆయనకేమీ గుర్తుండదు, దెబ్బ తిన్న మీకే గుర్తుంటుంది. రెండోది వాసన. కళ్ళు మూసి ఇంగువ, కాఫీపొడి, నలిపిన కరివేపాకు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టి అడగండి. కోవిడ్ తర్వాత పోయిన వాసనైతే ఆ మాట కూడా చెప్పండి. మూడోది మలబద్ధకం, ఎన్నేళ్ళుగా ఉందో. మందు వల్ల మాత్రమే వచ్చిన పార్కిన్సనిజంలో ఈ మూడూ కలిసి కనిపించడం తక్కువ.

ఇక వాంతులు. ఆయనకిచ్చిన మాత్రల పట్టీ మీదుండే 110, 125, 275 అనేవి రెండు మందుల కూడిక. 110 అంటే లెవోడోపా 100, కార్బిడోపా 10. 125 అంటే 100, 25. 275 అంటే 250, 25. పనిచేసేది లెవోడోపా. అది మెదడుకు చేరకముందే దారిలో విరిగిపోయి వాంతులు తేకుండా కాపాడేది కార్బిడోపా. ఆ కాపలా సరిగా ఉండాలంటే రోజుకు 70 నుంచి 100 ఎంజీ దాకా కార్బిడోపా అందాలి. 125 మాత్ర మూడు పూటలా ఒక్కొక్కటి వేస్తే 75 అందుతుంది. 110తో 30 మాత్రమే. షాపతనికి రెండూ ఒకటే మందుగా కనిపిస్తాయి, మీవారి పొట్టకు కావు. రాసిన అంకె ఉన్న పట్టీయే తీసుకోండి. ఆ ఊళ్ళో లేకపోతే పక్క ఊరి నుంచైనా నెలకు సరిపడా తెప్పించి పెట్టుకోండి.

వాంతులు ఆగలేదంటే డాక్టరుకు ఫోన్ చేయండి గానీ షాపులో వాంతుల మాత్ర అడగకండి. ఇచ్చేది మెటోక్లోప్రమైడ్ అయితే, ఒక చేత్తో నీళ్ళు పోస్తూ రెండో చేత్తో గొట్టం మూసినట్టే. ఈ జబ్బులో వాంతులకు సాధారణంగా రాసేది డొంపెరిడోన్. గుండె జబ్బుంటే దానికీ ముందు ఈసీజీ చూస్తారు. లెవోడోపా మాత్ర తిండికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేసుకోవాలి. మొదటి వారాల్లో ఖాళీ కడుపున తిప్పితే రెండు బిస్కెట్లో, ఒక రస్కో తిని వేసుకోవచ్చు. పాలు, గుడ్డు, పెసరట్టుతో మాత్రం వద్దు. మాంసకృత్తులూ లెవోడోపా పేగు దగ్గర ఒకే దారికి పోటీ పడతాయి. ఐరన్ మాత్ర వాడుతుంటే రెండు గంటల ఎడం ఉంచండి.

ఈ మాత్ర వైద్యం మాత్రమే కాదు, పరీక్ష కూడా. లెవోడోపాకు బాగా స్పందిస్తే పార్కిన్సన్స్ అనడానికి బలం వస్తుంది. అయితే సగం మాత్రతో మొదలుపెట్టి, వాంతులకు భయపడి అక్కడే ఆగిపోయి, ‘మందు పనిచెయ్యలేదండీ’ అంటే అది పరీక్షే కాదు. రోజుకు 600 ఎంజీ లేదా అంతకు పైన లెవోడోపా కొన్ని వారాలు ఇచ్చి చూశాకే పనిచేయలేదన్న మాట లెక్కలోకి వస్తుంది. అంతదాకా ఎంత మెల్లగా పెంచాలన్నది డాక్టరు చేతిలోది. లెవోసల్పిరైడ్ వాడుతూనే లెవోడోపా వేసినా ఈ పరీక్ష చెడిపోతుంది.

ఫలితాన్ని ‘ఎలా ఉందండీ’ అని అడిగి రాయకండి. వారానికి రెండు రోజులు, పొద్దున మాత్రకు ముందొకసారి, వేసిన గంట తర్వాత ఇంకోసారి, చొక్కా గుండీలు అయిదు పెట్టుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో ఫోన్‌లో చూసి వేయండి. వణుకును బట్టి మందును తూచకండి. నెమ్మది, బిగుసు తగ్గినంత నమ్మకంగా వణుకు తగ్గదు. మాత్ర మొదలయ్యాక హఠాత్తుగా మానేయకూడదు. ఒళ్ళు కొయ్యబారి, తీవ్రంగా జ్వరం వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. ఊరెళ్ళేటప్పుడు పట్టీ మర్చిపోవడం కూడా మానేయడమే.

చుట్టాలు దూలగొండి గింజల చూర్ణం పట్టుకొస్తారు, తప్పదు. అందులో సహజంగానే లెవోడోపా ఉంటుంది, అది నిజమే. చెంచాడు పొడిలో ఎంత ఉందో పట్టీ మీద ఉన్నట్టు రాసి ఉండదు, చిక్కంతా అక్కడే. మాత్ర పనిచేసిందో పొడి పనిచేసిందో తేలదు. ఈ ఆరు నెలలూ దాన్ని అల్మారాలో ఉండనివ్వండి.

డాక్టరు ఆరు నెలల్లో చూడబోయేవి ఇంకా ఉన్నాయి. నడుస్తూ వెనక్కి పడిపోవడం, మెట్లు దిగేటప్పుడు కిందికి చూడలేకపోవడం, అన్నం కంచంలోంచి చొక్కా మీద పడటం మొదలైతే చెప్పిన తేదీ దాకా ఆగకండి. లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, మూత్రం ఆగకపోవడం తొందరగా వచ్చినా అంతే. అవి పార్కిన్సన్స్‌లా కనిపించే వేరే జబ్బులను సూచిస్తాయి, వాటికి మందుల లెక్క వేరు. బీపీ మిషను ఇంట్లో ఉంటే, అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే రాసి పెట్టండి. పొలమారడం, లేని మనుషులు కనిపించడం కూడా వెంటనే చెప్పాల్సినవే. ఉన్నట్టుండి చెయ్యి పడిపోయినా, మూతి వంకరపోయినా అది ఈ జబ్బు కాదు, పక్షవాతం. అప్పుడు దగ్గర్లో సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి.

ట్రోడాట్ అంటే మెదడులో డోపమైన్ కణాల కొసలు ఎంత మిగిలాయో చూపే స్కాన్. అది ఎప్పుడు పనికొస్తుందంటే, మందు వల్లనా జబ్బు వల్లనా అన్న ప్రశ్న దగ్గరే. మందు వల్లయితే స్కాన్ సాధారణంగా మామూలుగా ఉంటుంది, పార్కిన్సన్స్‌లో తగ్గి కనిపిస్తుంది. పార్కిన్సన్సా, దానిలాంటి ఇంకో జబ్బా అన్నది మాత్రం ఇది చెప్పలేదు. న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో సూది వేసి, మూడు నాలుగు గంటలాగి తీస్తారు. తేదీలు రెండూ వేసి చూశాక కూడా సందేహం మిగిలితే, న్యూరాలజిస్టు రాస్తే, అప్పుడు చేయించండి. చుట్టుపక్కలవాళ్ళు చెప్పారని వద్దు.

హైదరాబాద్‌కు ఒక్కసారి వెళ్ళండి, మంచిదే. నిమ్స్‌కైనా, ఇంకెక్కడికైనా, కదలికల జబ్బులు, అంటే మూవ్‌మెంట్ డిజార్డర్స్ చూసే న్యూరాలజిస్టు దగ్గరికే వెళ్ళాలి. బెంగళూరు నిమ్‌హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర కూడా ఇందులో పేరున్నవే. నలుగురు డాక్టర్ల దగ్గరికి తిరిగితే నలుగురూ మొదటి రోజు ఆయన్నే చూస్తారు, మార్పును ఎవరూ చూడరు. దగ్గర్లో ఉన్న ఒక న్యూరాలజిస్టును అసలు డాక్టరుగా పెట్టుకుని, పెద్ద డాక్టరు అభిప్రాయం ఆయనకే తెచ్చివ్వండి. ఎంఆర్ఐ ఫిలింతో పాటు డిస్క్ కూడా సెంటర్లో అడిగి తీసుకోండి, లేకపోతే మళ్ళీ తీయమంటారు. రెండేళ్ళుగా వాడిన మందుల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళండి, గ్యాస్‌వి, కళ్ళు తిరిగితే వేసినవి, నాటువి, అన్నీ. పొద్దుటి మాత్ర వేసుకుని రావాలా, వేసుకోకుండా రావాలా అని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. మూడు చిన్న వీడియోలు తీసుకెళ్ళండి: చేతులు ఒళ్ళో పెట్టుకుని వంద నుంచి వెనక్కి లెక్కపెట్టేటప్పుడు ఒకటి, బొటనవేలూ చూపుడువేలూ వీలైనంత బార్లా తెరిచి పదిహేను సెకన్లు గబగబా తట్టేటప్పుడు ఒకటి, వసారాలో ఆ చివరికి నడిచి తిరిగొచ్చేటప్పుడు ఒకటి. డాక్టరు ముందు కాసేపు బిగబట్టుకుని బాగా నడిచేస్తారు, అందుకని.

మీ ఆఖరి బాధకు వస్తే, ఆయన మొహం. ఈ జబ్బులో మొహంలోని కండరాలు కూడా నెమ్మదిస్తాయి. రెప్పలు తక్కువగా కొట్టుకుంటాయి, గొంతు తగ్గుతుంది, నవ్వు లోపల ఉన్నా పెదాల దాకా రాదు. ముడుచుకున్న మొహమంతా కోపం కాకపోవచ్చు. అలాగే దిగులు కూడా ఈ జబ్బు లక్షణమే కావచ్చు, దానికీ మందుంది. తిండి, నిద్ర, పని మీద ఇష్టం పోతే అది కూడా కాగితం మీద ఎక్కించండి.

డాక్టరు గదిలో మీరు మాట్లాడితే ఆయనకు కోపమన్నారు. అక్షరాలు రాసి బతికే మనిషికి చెయ్యి జారిపోతున్న సంగతి భార్య నోట ఇంకొకరి ముందు వినడం కష్టమే. ముందు రోజు రాత్రే ఒప్పందం చేసుకోండి: మొదటి మూడు నిమిషాలు ఆయన చెప్తారు, మీరు అడ్డు రారు. తర్వాత నిద్ర సంగతి ఆయనే ‘నువ్వు చెప్పు’ అంటారు. మూత్రం, దాంపత్యం లాంటి మాటలు నోటితో చెప్పడానికి ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటే, ఆయనకు చూపించి రాసిన చీటీ డాక్టరు చేతికివ్వండి. చూపించకుండా ఇవ్వకండి. బయటికొచ్చేముందు నాలుగు ప్రశ్నలడగండి: మీకు ఎక్కువ అనుమానం దేని మీద? ఇంకేం కావచ్చు? ఏం జరిగితే మీ అభిప్రాయం మారుతుంది? ఏం కనిపిస్తే నేను తేదీ దాకా ఆగకుండా రావాలి? జవాబులు అక్కడే రాసుకోండి. డోపమైన్‌లా పనిచేసే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు రాస్తే వాటి సంగతి మీరూ వినండి. అవి కొందరిలో పేకాట, షేర్లు, అక్కర్లేని కొనుగోళ్ళ పిచ్చి తెస్తాయి, దాన్ని ముందు పట్టుకునేది ఇంట్లోవాళ్ళే. వణుకుకిచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ రాస్తే మతిమరుపు, మలబద్ధకం మీద కన్నేయండి.

ఆయన బండి నడుపుతుంటే ఒక మాట. మోటార్‌సైకిల్ వేగమూ, ముందు బ్రేకూ కుడిచేతిలోనే ఉంటాయి. మీవారిది కుడిచెయ్యే. డాక్టరు సరేననేదాకా ఆఫీసుకు ఆటోలో పంపండి. రోజూ అరగంట చెమట పట్టేలా నడక మాత్రం మానిపించకండి, పేరు ఏది తేలినా నడక అవసరమే.

అమ్మాయి విషయం. పార్కిన్సన్స్ ఎక్కువమందిలో వంశపారంపర్యంగా వచ్చేది కాదు. ఆయన తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికీ లేకపోతే, ఈ వయసులో మొదలైనదాన్ని అమ్మాయికి ముడిపెట్టాల్సిన పని లేదు. ఇవాళ సంబంధం వస్తే ‘మావారికి చెయ్యి నెమ్మదించింది, పరీక్షలు జరుగుతున్నాయి, మందు వాడుతున్నాం’ అనండి. డాక్టర్లే పెట్టని పేరు మీరు పెట్టక్కర్లేదు. పేరు తేలాక మాత్రం నిశ్చితార్థానికి ముందే, ఆయన ఎదుటే, ఆయన నోటితోనే చెప్పించండి.